సీట్లు మావే, కూర్చునేవాళ్ళే లేరు

అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రం, బెంటన్‌విల్ నుంచి ఒక పాఠకుడు ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. పేరు వెయ్యవద్దని కోరారు కాబట్టి వెయ్యడం లేదు. వయసు యాభై రెండు, సొంత ఊరు తెనాలి దగ్గర ఒక పల్లె. వాల్‌మార్ట్ కేంద్ర కార్యాలయం ఉన్న ఆ ఊరికి సాఫ్ట్‌వేర్ పనిమీద వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో వారిదీ ఒకటి. అక్కడికి దక్షిణాన, కారులో అరగంట దూరంలో ఫయెట్‌విల్ ఉంది. ఆర్కన్సా విశ్వవిద్యాలయం ఉన్న ఊరు అది. ఆ విశ్వవిద్యాలయపు బేస్‌బాల్ జట్టు రేజర్‌బ్యాక్స్ ఆడే బామ్-వాకర్ స్టేడియంలో, మూడో బేస్ వైపు నాలుగు సీట్లకు ఈయన 2016 నుంచి ఏటా సీజన్ టికెట్లు కొంటున్నారు. ఒకసారి డబ్బు కడితే ఫిబ్రవరి మధ్య నుంచి మే మధ్య వరకు ఆ మైదానంలో జరిగే మామూలు సీజన్ ఆటలన్నిటికీ ఆ నాలుగు సీట్లూ వారివే.

కొన్నప్పుడు అబ్బాయికి తొమ్మిదేళ్ళు. వాడు ఊళ్ళో పిల్లల జట్టులో ఆడేవాడట. తండ్రీకొడుకులు వారాంతం ఆటలన్నిటికీ వెళ్ళేవారు, తల్లీ కూతురూ వీలైనప్పుడు వచ్చేవారు. వెనక వరసలో కూర్చునే ఒక పెద్దావిడ (ఇప్పుడు ఆవిడకు ఎనభై దగ్గర పడింది) ఆట మొత్తాన్ని స్కోరు పుస్తకంలో పెన్సిల్‌తో రాసుకుంటూ, ముందుకు వంగి పిల్లవాడికి ఆ విద్య నేర్పింది. ఏ స్థానంలో ఆడేవాడిది ఏ అంకె, 6-4-3 అని రాస్తే బంతి ఎవరి నుంచి ఎవరికి వెళ్ళినట్టు, బ్యాటు కదపకుండానే మూడో స్ట్రైక్‌కు అవుటైనవాడికి ‘కె’ అక్షరాన్ని ఎందుకు తిరగేసి రాస్తారు, ఇవన్నీ ఆవిడ దగ్గరే నేర్చుకున్నాడు. ఇప్పుడు కొడుకు వేరే రాష్ట్రంలో కాలేజీలో చేరాడు, అంతకుముందే కూతురు ఉద్యోగానికి వెళ్ళిపోయింది. ఈ సీజన్‌లో ఇంటి దగ్గర జరిగిన 31 ఆటలకు నాలుగేసి చొప్పున 124 టికెట్లు ఉంటే, కుటుంబం వాడుకున్నవి 14, స్నేహితులకూ తోటి ఉద్యోగులకూ ఊరికే ఇచ్చినవి 70, ఎవరికీ ఇవ్వకుండా మిగిలిపోయినవి 40. ఇచ్చిన డెబ్బైలో కూడా సుమారు ముప్పై మందే వెళ్ళారని తరవాత విచారిస్తే తెలిసిందట. ఆ లెక్కన 124లో 80 సీట్లు ఖాళీ.

వారిని బాగా నొప్పించిన సంఘటనలు మూడు. ఏప్రిల్‌లో ఒక శనివారం ఆటకు నాలుగు టికెట్లూ ఒక స్నేహితుడికి ఇచ్చారు. చినుకులు పడుతున్నాయని ఆయన వెళ్ళలేదు, వెళ్ళడం లేదని చెప్పనూ లేదు. పాఠకుడు ఇంట్లో టీవీ ముందు కూర్చుని ఉండగా, బంతి మూడో బేస్ వైపు వెళ్ళినప్పుడల్లా తన నాలుగు సీట్లూ ఖాళీగా కనిపిస్తూనే ఉన్నాయి. ఆ ఆటకే టికెట్లు కావాలని తన పిల్లవాడి కోసం అడిగిన మరో ఉద్యోగికి, ముందు రోజే లేవని చెప్పి పంపారు. రెండోది, ఒకసారి మొత్తం భారం మోయలేక ఒకరికి రెండు టికెట్లు కొన్న ధరకే అమ్మితే, “టికెట్లు అమ్ముకుంటున్నాడు” అన్న మాట తిరిగి తిరిగి ఆయన చెవినే పడింది. మూడోది ఆ పెద్దావిడ మాట. మే నెలలో ఆయన ఒక్కరే వెళ్ళినప్పుడు ఆవిడ, “మీ సీట్లలో ఎవరూ ఉండటం లేదు, ఇంట్లో అందరూ కులాసాయేనా?” అని అడిగిందట. ఆ రోజు ఏడో ఇన్నింగ్స్ కాకముందే లేచి వచ్చేశాను అని రాశారు.

భార్య టికెట్లు మానేయమంటున్నారు. కొడుకు ఫోన్‌లో “అవి మాత్రం తీసెయ్యొద్దు నాన్నా” అంటున్నాడు. మళ్ళీ డబ్బు కట్టడానికి ఇంకా ఆరు వారాల గడువుంది. ‘ఉంచుకోమంటారా, వదిలెయ్యమంటారా, ఒక్క మాటలో చెప్పండి’ అని ఉత్తరం ముగించారు.

అయ్యా,

ఒక్క మాటలో చెప్పలేనందుకు క్షమించండి. మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు ఇది డబ్బు సమస్య అనుకున్నాను. రెండోసారి చదివితే ఎనిమిది పేజీల్లో డబ్బు గురించి ఉన్నది ఒకటిన్నర పేరా, ఆ పెద్దావిడ గురించి ఉన్నది దాదాపు రెండు పేజీలు. నాలుగు సీట్ల చుట్టూ నాలుగైదు వేరు వేరు సంగతులు పెనవేసుకుపోయి ఉన్నాయి, వాటన్నిటికీ కలిపి ఒకే జవాబు కావాలని మీరు వెతుకుతున్నారు. వాటిని విడివిడిగా చూస్తే ఒక్కొక్కటీ మీరనుకున్నంత బరువైనది కాదు.

డబ్బు సంగతి త్వరగా తేలుతుంది కాబట్టి దానితో మొదలుపెడతాను. ఈ ఏడాది కట్టింది అయిపోయింది. ఎనభై సీట్లు వృథా అయ్యాయి కాబట్టి వచ్చే ఏడు రెట్టింపు ఆటలకు వెళ్ళి ఆ నష్టం పూడ్చుకుంటానని మీరు ఒకచోట రాశారు. అది లెక్కకు నిలవదు. వచ్చే ఏడు వెళ్ళేందుకు వచ్చే ఏడు డబ్బు కడతారు, ఈ ఏటి డబ్బు దానివల్ల వెనక్కి రాదు. మరొకటి, సీట్ల కోసం టికెట్ ధరకు అదనంగా ఇచ్చే విరాళానికి పన్ను మినహాయింపు ఉందని మీరు అనుకుంటున్నట్టు కనిపించింది. కళాశాల ఆటల్లో సీటు కొనే హక్కు కోసం ఇచ్చిన విరాళంలో 80 శాతం మినహాయించుకునే వీలు ఒకప్పుడు నిజంగానే ఉండేది, కానీ 2017 డిసెంబరులో వచ్చిన పన్ను చట్టం దానిని తీసేసింది. 2018 నుంచి ఆ మినహాయింపు లేదు. మీరు 2016లో మొదలుపెట్టారు కాబట్టి పాత లెక్క మనసులో ఉండిపోయి ఉండవచ్చు. మీ పన్నుల మనిషిని ఒకసారి అడిగి, మినహాయింపు లేకుండా అసలు ఖర్చు ఎంతో కాగితం మీద చూసుకోండి. ఆ అంకెను మీరు వెళ్ళిన ఆటల సంఖ్యతో భాగించండి. వచ్చిన మొత్తం చూసి మీకూ మీ ఆవిడకూ ఏమనిపిస్తుందో, అంతవరకే డబ్బు చెప్పగలిగింది.

ఇక ఖాళీ సీట్లు. ఇవి మీ ఒక్కరివే కావు, ఆ సంగతి మీకు తెలిస్తే గుండె బరువు కొంత తగ్గుతుందని చెబుతున్నాను. కళాశాల బేస్‌బాల్ సీజన్ ఫిబ్రవరి మధ్యలో మొదలవుతుంది. అప్పటికి ఉత్తర ఆర్కన్సాలో చలి తగ్గదు. కొత్తలో పొద్దు తక్కువ కాబట్టి, చలి ముదరకముందే ముగియాలి కాబట్టి, ఆటలు మధ్యాహ్నం మూడు నాలుగు గంటలకే మొదలుపెడతారు. మంగళవారం మధ్యాహ్నం నాలుగింటికి ఆఫీసు వదిలి ఐ-49 హైవే మీద ఫయెట్‌విల్‌కు చేరుకోగలిగేవారు ఎందరుంటారు? శుక్ర శని ఆదివారాల్లో వరసగా మూడు ఆటలుంటే, వాన సూచన చూసి ఆదివారం ఆటను శనివారానికి జరిపి ఒకే రోజు రెండు ఆడించడమూ మామూలే. పిల్లల పుట్టినరోజులూ వ్రతాలూ నెల ముందే నిశ్చయమయ్యే మన ఇళ్ళకు ఆ మార్పు సర్దుకోవడం కష్టం. దీనికి తోడు, ఆర్కన్సా ఆడే విశ్వవిద్యాలయాల కూటమి (వాళ్ళు కాన్ఫరెన్స్ అంటారు) ఎస్‌ఈసీకి 2014లో ఎస్‌ఈసీ నెట్‌వర్క్ అనే సొంత టీవీ ఛానల్ వచ్చాక, ఆ కాన్ఫరెన్స్ జట్ల ఆటలు దాదాపు అన్నీ ఇంట్లో కూర్చునే చూడవచ్చు.

స్టేడియంలో ప్రకటించే ప్రేక్షకుల సంఖ్య గురించి కూడా ఒక మాట. చాలా విశ్వవిద్యాలయాలు ప్రకటించేది అమ్ముడుపోయిన టికెట్ల సంఖ్య. గేటు దాటి లోపలికి వచ్చినవారి సంఖ్య వేరు. ఒక దక్షిణాది రాష్ట్రంలో మా అక్క మనవడు చదువుతుండగా నేను ఒక ఫిబ్రవరి ఆటకు వెళ్ళాను. శాలువా మీద శాలువా కప్పుకుని కూర్చున్నాను. మైకులో వేలకు వేలు చెబుతుంటే, మా వరసలో ఉన్నది మేమిద్దరమూ, రెండు సీట్ల అవతల దుప్పటిలో ముడుచుకున్న ఒక ముసలాయనా. డబ్బు కట్టిన మనుషులు వేలల్లోనే ఉన్నారు, వాళ్ళంతా ఎక్కడో ఇళ్ళల్లో మీలాగే ఫోన్లలో టికెట్లు పెట్టుకుని ఉన్నారన్నమాట. మీ సీట్లు ఖాళీగా ఉన్నందువల్ల విశ్వవిద్యాలయానికి వచ్చే టికెట్ డబ్బు తగ్గలేదు. మీరు తప్పుకుంటే జట్టుకు నష్టం అన్న మీ దిగులుకు కూడా ఇదే నా జవాబు. ప్రేక్షకులు బాగా వచ్చే కళాశాల మైదానాల్లో దేశం మొత్తంలోనే మీది ముందు వరసలో ఉంటుంది, మీరు వదిలిన సీట్లు తీసుకునేవారు ఉంటారు.

అయితే ఖాళీ సీటు వల్ల ఎవరికీ నష్టం లేదనీ అనలేను. మన భోజనాల్లో పంక్తి తీర్చి విస్తళ్ళు వేసి, నీళ్ళు చల్లి, ఉప్పూ ఊరగాయా వడ్డించాక నడుమ ఒక విస్తరి ముందు మనిషి లేకపోతే ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. వడ్డించేవాడు అక్కడికి వచ్చి ఒక్క క్షణం ఆగుతాడు. పక్కన కూర్చున్నవాడు అటు చూస్తాడు. అన్నం ఖర్చు పెద్దదేమీ కాదు, వస్తానన్న మనిషి రాలేదన్నదే మనసులో ఉంటుంది. మీ వెనక వరసలోని ఆవిడ పదేళ్ళుగా ఆ పంక్తిలో మనిషి. ఆవిడ అడిగినదాన్ని మీరు ఎత్తిపొడుపుగా తీసుకున్నారు. నాకు ఆ మాటల్లో ఎత్తిపొడుపు ఎక్కడా వినిపించలేదు. ఎనభై దగ్గరపడిన మనిషి, ముందు వరసలో పెరిగి పెద్దవాడైన పిల్లవాడూ వాడి తల్లిదండ్రులూ కనబడటం మానేస్తే, మొదట ఏమనుకుంటుంది? ఎవరికైనా ఒంట్లో బాగాలేదేమో అనుకుంటుంది. ఆ వయసువారికి ఖాళీ సీటు అంటే అదే అర్థం. సగంలో లేచి వచ్చేశారు కాబట్టి ఆవిడకు జవాబు ఇంకా అందలేదు. మీరు టికెట్లు ఉంచుకున్నా, వదులుకున్నా, ఆ జవాబు మాత్రం బాకీ. అబ్బాయి కాలేజీలో చేరాడనీ, అందరూ క్షేమమనీ నాలుగు వాక్యాలు రాసి పంపించగలరేమో చూడండి. అబ్బాయి చేత రాయించగలిగితే మరీ మంచిది.

ఇప్పుడు స్నేహితుల సంగతికి వస్తాను. అన్నిటికన్నా చిక్కుముడి ఇదే. డెబ్బై టికెట్లు ఇస్తే ముప్పై మందే వెళ్ళారని మీరు రాసినది చదివి, మన మొహమాటం ఎంత దూరం ప్రయాణించి వచ్చిందో అనిపించింది. మీరు గురువారం రాత్రి ఫోన్ చేసి “శనివారం ఆటకు నాలుగు టికెట్లున్నాయి, పంపనా?” అంటారు. మన మర్యాదలో ప్రేమగా ఇస్తానన్నదాన్ని కాదనడం తప్పు. అవతలివారు “అయ్యో, అలాగే, థాంక్స్ అండీ” అంటారు. ఆ క్షణంలో వారు మీ మంచితనాన్ని పుచ్చుకున్నారు, అంతే. ఆటకు వెళ్తామని మాట ఇచ్చామని వారు అనుకోలేదు, వారు మాట ఇచ్చారని మీరు అనుకున్నారు. శనివారం చినుకు పడితే వారికి అది వెళ్ళకపోవడానికి చాలినంత కారణం, మీకు అది అవమానం. ఇద్దరిలో ఎవరినీ చెడ్డవారనలేను.

మీరు అడిగే ప్రశ్న మార్చి చూడండి. ‘పంపనా’ అంటే సరే అనడం తేలిక. “శనివారం రెండు గంటలకు ఆట, మీరు వెళ్ళగలిగితే మీకే, కుదరదంటే ఇంకొకరు అడుగుతున్నారు, రేపు సాయంత్రంలోగా చెప్పండి” అంటే, కుదరదని చెప్పడం వారికి సులువవుతుంది, పైగా మరొకరికి మేలు చేసినట్టూ అవుతుంది. నాలుగు టికెట్లు ఒకే ఇంటికి ఇవ్వడం కన్నా రెండిళ్ళకు రెండేసి ఇవ్వడం నయం. ఒకరు మానుకున్నా సగం నిండుతాయి. ఫోన్‌లో పంపిన టికెట్‌ను అవతలివారు అందుకున్నాక వెనక్కి తీసుకోవడం సాధారణంగా మీ చేతిలో ఉండదు కాబట్టి, ముందు మాట తీసుకుని, ఆట రోజు ఉదయం పంపే పద్ధతి పెట్టుకోవచ్చు. దీనివల్ల ఒకరిద్దరు ‘ఊరికే ఇచ్చేదానికి ఇన్ని షరతులా’ అని నొచ్చుకోవచ్చు, అది ముందే తెలిసి ఉండాలి.

అమ్మకం గురించి వచ్చిన మాట మిమ్మల్ని ఎంత గుచ్చిందో అర్థమైంది. అమ్మడంలో తప్పులేదు. ఒకరికి ఊరికే ఇచ్చి ఇంకొకరి దగ్గర డబ్బు తీసుకోవడం వల్ల, డబ్బు ఇచ్చినవారికి తాము మీకు పరాయివాళ్ళమనిపించింది, నొప్పి అక్కడ పుట్టింది. మనవాళ్ళు డబ్బు ఖర్చు కన్నా ఆ తేడాను ఎక్కువ కాలం గుర్తుపెట్టుకుంటారు. కాబట్టి సీజన్ మొదలయ్యే ముందే అందరికీ ఒకే మాట చెప్పెయ్యండి. వారం మధ్య ఆటలు ఎవరికైనా ఊరికే, కాన్ఫరెన్స్ జట్లతో జరిగే వారాంతం ఆటలు ఎవరికైనా మీరు కొన్న ధరకే, దానికి ఒక్క డాలరు ఎక్కువ లేదు, బంధువైనా అంతే, పై అధికారి అయినా అంతే. డబ్బు ఇచ్చి కొన్నవారు చినుక్కి ఆగిపోరన్నది దీనిలో అదనపు లాభం. నష్టం కూడా ఉంది. ఇన్నేళ్ళుగా ఊరికే తీసుకున్నవారిలో కొందరు ఇక అడగరు, ఆ తరవాత పలకరింపులు కాస్త పలచబడవచ్చు. టికెట్ల వల్లే నిలిచిన స్నేహాలు ఏవో అప్పుడు మీకే తెలుస్తాయి, ఆ తెలియడం కూడా సుఖంగా ఉండదు.

మీ ఆవిడ మాటను మీరు ‘ఆమెకు బేస్‌బాల్ ఇష్టం లేదు’ అని సరిపెట్టారు. కానీ ఆవిడ అన్న మాటలు మీరే యథాతథంగా రాశారు: “ఆటకు వెళ్తే బాధలేదు, ఆటకు వెళ్ళకుండా వారమంతా ఆ టికెట్లు పట్టుకుని ఫోన్లు చేస్తుంటారు.” ఆవిడ విసిగింది పంపకంతో. ముప్పై ఒక్క ఆటలకు నాలుగేసి సీట్లకు మనుషులను వెతకడం అంటే ఫిబ్రవరి నుంచి మే దాకా ప్రతి వారమూ ఒక చిన్న పెళ్ళికి పిలుపులు పిలిచినట్టే. ఏప్రిల్‌లో, చలి పోయి ఇంకా ఎండలు ముదరని శుక్రవారం సాయంత్రాల్లో, ఇద్దరే వెళ్ళి రావడానికి ఆవిడ ఇష్టపడతారేమో అడిగారా? ఉత్తరంలో ఎక్కడా అడిగినట్టు లేదు.

ఇక అబ్బాయి. 2018 జూన్‌లో ఓమహా నగరంలో జరిగిన కళాశాల బేస్‌బాల్ జాతీయ ఫైనల్ గురించి మీరు రాసిన పేజీ చదువుతుంటే నాకూ గొంతు పట్టేసింది. ఆ ఆట తెలియని పాఠకుల కోసం చెబుతాను. ఫైనల్‌లో మూడు ఆటలకు రెండు గెలవాలి, మొదటిది ఆర్కన్సా గెలిచింది. రెండో ఆటలో ఆర్కన్సా 3-2 ఆధిక్యంలో ఉంది, చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్, అవతలి జట్టులో ఇద్దరు అవుటయ్యారు, ఇంకొక్క అవుట్ వస్తే ఆ విశ్వవిద్యాలయపు బేస్‌బాల్ చరిత్రలోనే మొదటి జాతీయ ఛాంపియన్‌షిప్. బంతి ఫౌల్ గీత అవతల గాలిలోకి లేచింది, నేల తాకకముందే పట్టుకుంటే అవుటే. ముగ్గురు ఆటగాళ్ళు దానికోసం పరుగెత్తారు, ముగ్గురి మధ్యా అది నేల మీద పడింది. బతికిపోయిన ప్రత్యర్థి జట్టు ఆరెగన్ స్టేట్ ఆ ఆటను 5-3తో గెలిచి, మర్నాడు 5-0తో ఛాంపియన్‌షిప్పే తీసుకుపోయింది. పదకొండేళ్ళ మీ వాడు ఆ రాత్రి భోజనం చెయ్యకుండా పడుకున్నాడనీ, ఫిబ్రవరి వచ్చేసరికి మళ్ళీ తనే టోపీ పెట్టుకుని మీకన్నా ముందు కారులో కూర్చున్నాడనీ రాశారు.

అటువంటి పిల్లవాడు “తీసెయ్యొద్దు నాన్నా” అంటే ఏమిటి అడుగుతున్నాడో మీరు సరిగ్గా తెలుసుకోవాలి. ఇల్లు వదిలి మొదటి ఏడాది గడుపుతున్న పిల్లలు, తాము లేనప్పుడు ఇంట్లో వస్తువులు కదలకూడదనుకుంటారు. వాళ్ళ గది అలాగే ఉండాలి, సైకిలు అమ్మకూడదు, ఆ సీట్లు అక్కడే ఉండాలి. అది సహజం. దానికోసం ఏటా 124 టికెట్లు కొనాలా అన్నది వాడికి తట్టే ప్రశ్న కాదు, మీరు వాడికి లెక్క చెప్పనూ లేదు. దాచకుండా చెప్పండి. నింద లేకుండా, 124లో 80 ఖాళీ అని చెప్పి, ‘వచ్చే సీజన్‌లో నువ్వు ఏ ఏ తేదీల్లో రాగలవు’ అని అడగండి. మార్చిలో సెలవులకు ఒక వారాంతమే రాగలనంటే, ఆ మూడు ఆటలకు మీరిద్దరూ పక్కపక్కన కూర్చునేలా చూడటం ఏ పద్ధతిలోనైనా సాధ్యమే. కావలసింది ఆ సీట్లేనా, మీతో గడిపే ఆ మూడు రోజులా అన్నది వాడే చెబుతాడు. సీట్లే అంటే నవ్వి తోసెయ్యకండి, అప్పుడు రెండు సీట్లైనా ఉంచుకోవడానికి అదొక గట్టి కారణం.

మీ ముందున్న దారులు చూద్దాం. నాలుగూ ఉంచుకుంటే ఇప్పుడున్న హక్కులన్నీ ఉంటాయి, పంపకపు శ్రమ కూడా మొత్తం ఉంటుంది. ఆ శ్రమ తగ్గాలంటే ఇంకో కుటుంబాన్ని మొదటినుంచే సగం ఖర్చుకు భాగస్వాములుగా తీసుకుని, జనవరిలో కాలెండరు ముందు పెట్టుకుని ఎవరి ఆటలు ఎవరివో పంచుకోవాలి. ఇది బాగా నడిచిన ఇళ్ళు నాకు తెలుసు. కానీ టికెట్లు మీ పేరు మీదే ఉంటాయి కాబట్టి, రెండేళ్ళ తరవాత వారు మానుకుంటే మొత్తం భారం మళ్ళీ మీమీదే పడుతుంది. పెద్ద జట్లు వచ్చే వారాంతాలు ఎవరికన్న తగువు మొదటి ఏడాదే రావచ్చు, అందుకని ఆ వారాంతాలను చీటీ వేసి పంచుకోవడం మేలు.

రెండు వదిలి రెండు ఉంచుకుంటే ఖర్చూ శ్రమా సగానికి తగ్గుతాయి. మీరిద్దరూ వెళ్ళడానికైనా, మీరూ అబ్బాయీ వెళ్ళడానికైనా అవి చాలు. కూతురు కూడా వచ్చినప్పుడు మిగతా సీట్లు విడిగా కొనుక్కోవాలి, అవి పక్కనే దొరకవు. వదిలిన రెండింటిలో వచ్చే కొత్తవారు ఎలాంటివారో తెలియదు. వదిలినవి మళ్ళీ కావాలంటే ఆ చోటే దొరుకుతాయన్న నమ్మకమూ పెట్టుకోకూడదు.

మొత్తం వదిలేస్తే వారం మధ్య ఆటలకు అప్పటికప్పుడు టికెట్ దొరకడం కష్టం కాదు, పెద్ద వారాంతాలకు మాత్రం ఎక్కువ ధర పెట్టాలి. పోయేది ముఖ్యంగా మే చివర వచ్చే అవకాశం. జాతీయ పోటీకి 64 జట్లను ఎంచుకుని పదహారు చోట్ల నాలుగేసి జట్లతో మొదటి వారాంతం ఆడిస్తారు. ఫయెట్‌విల్‌కు ఆ పదహారులో చోటు దక్కిన ఏడాది, సాధారణంగా సీజన్ టికెట్లున్నవారికే ఆ టికెట్లు ముందుగా కొనుక్కునే వీలిస్తారు, వాటికి డబ్బు వేరే. మీ ఉత్తరంలో ఇది వదులుకోలేనని రెండుసార్లు రాశారు. మే చివర రావచ్చు, రాకపోవచ్చు అన్న ఆ మూడు రోజుల కోసం మిగతా 31 ఆటల బరువు మోస్తున్నారా? అవునంటే అది తప్పేమీ కాదు. కానీ అవునని తెలిసి మొయ్యండి, అప్పుడు ఖాళీ సీట్లు చూసి ఇంత నలిగిపోరు.

వీటిలో ఏది ఎంచుకున్నా, మీ అబ్బాయి చిన్నప్పుడు ఆడిన పిల్లల జట్టును మరిచిపోకండి. తొమ్మిది పదేళ్ళ పిల్లవాడున్న ఒక కుటుంబానికి మంగళవారం ఆటలు మొత్తం సీజన్‌కు అప్పగిస్తే, వారం వారం మనుషులను వెతికే పని తప్పుతుంది. మధ్యాహ్నం నాలుగు గంటలకు బడి అయిపోయిన పిల్లలు, వాళ్ళను తీసుకువెళ్ళడానికి ఒక అమ్మో తాతయ్యో ఉన్న ఇల్లు వెతకాలి, ఉద్యోగాలు చేసే తల్లిదండ్రులిద్దరూ ఆ వేళకు రాలేరు. వచ్చే పిల్లవాడికి ఒక స్కోరు పుస్తకం, ఒక పెన్సిల్ కూడా ఇచ్చి పంపండి. వెనక వరసలో నేర్పేవారు ఉండనే ఉన్నారు.

నా మనసు ఎటు మొగ్గుతోందో దాచను: మీ ఉత్తరంలో కనిపించిన జీవితానికి రెండు సీట్లు సరిపోతాయనిపిస్తోంది. కానీ మీ ఆవిడతో, అబ్బాయితో మాట్లాడాక అది మూడో విధంగా తేలినా నాకు ఆశ్చర్యం ఉండదు. ఆరు వారాల్లో ఆ రెండు సంభాషణలూ ముందు జరగనివ్వండి, ఫారం ఆ తరవాత నింపండి. ఒకవేళ రెండే ఉంచుకునేటట్టయితే, నాలుగింటిలో ఏ రెండు ఉంచుకోవచ్చో టికెట్ల కార్యాలయానికి ఫోన్ చేసి ముందే అడగండి. నడవ పక్కన ఉన్నవి సౌకర్యంగా ఉంటాయని మీరు రాశారు, నిజమే. కానీ ఆ పెద్దావిడ కూర్చునేది రెండో చివర అని కూడా మీరే రాశారు.